మల్లెలతీర్థం మెట్ల మీద

కొత్తకోట బస్టాండులో దిగి నాలుగు దిక్కులా ఒకసారి చూడండి. హైదరాబాదు నుంచి కర్నూలు పోయే పెద్ద రోడ్డు, వేరుశనగ చేలు, అక్కడక్కడ చెరువులు, వాటి వెనక గుట్టలు. గుట్టలంటే మట్టిగుట్టలు కావు. ఎవరో పనిగట్టుకుని పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి గుండ్లు. కొన్ని ఏనుగంత ఉంటాయి. కొన్ని ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లి పడతాయేమో అనిపిస్తుంది. మన తాతల కాలం నుంచీ అవి అలాగే ఉన్నాయి.

ఇక్కడ ఇన్ని గుట్టలున్నాయి, వానలు పడతాయి, వాగులు పారతాయి. మరి ఒక్క జలపాతమైనా ఎందుకు లేదు? ఇదే ప్రశ్న మీరెప్పుడైనా మీ సైన్సు మాస్టారిని అడిగారా?

"ఎందుకు లేదు, సరళాసాగర్ ఉందిగా!" అంటారేమో. నిజమే, కొత్తకోటకు దగ్గర్లోనే ఉన్న ఆ జలాశయం నిండినప్పుడు నీళ్ళు దూకడం చూడముచ్చటగా ఉంటుంది. 1949లో మొదలుపెట్టి 1959లో పూర్తిచేసిన ఈ ప్రాజెక్టులో సైఫన్లు అమర్చారు. నీటిమట్టం నిండు గీతను చేరగానే, ఎవరూ గేట్లు ఎత్తకుండానే, అవి తమంతట తామే నీళ్ళను లాగి అవతల పారబోస్తాయి. కాని అది మనిషి కట్టిన గోడ మీంచి దూకే నీరు. కొండ తనంతట తాను గోడ కట్టుకుంటే దాని మీంచి దూకే నీటిని చూడాలంటే తూర్పుకు ప్రయాణం కట్టాలి. వనపర్తి, నాగర్‌కర్నూలు, అచ్చంపేట దాటి నల్లమల ఎక్కాలి. పదండి పోదాం. దారిలో కిటికీ పక్కన కూర్చుని రాళ్ళను మాత్రం గమనిస్తూ ఉండండి.

అచ్చంపేట దాకా రాళ్ళ రకం పెద్దగా మారదు. మన గుండ్లే. వీటిని భూగర్భ శాస్త్రవేత్తలు గ్రానైటు జాతి శిలలంటారు. ఇవి సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి. భూమి లోపల కరిగిన పదార్థం నెమ్మదిగా చల్లారి గట్టిపడితే ఇలాంటి రాయి తయారవుతుంది. దీనిలో పొరలుండవు, పగుళ్ళు మాత్రం ఉంటాయి. అడ్డంగా, నిలువుగా పగిలిన రాయి మొదట పెట్టె ఆకారంలోనే ఉంటుంది. మరి గుండ్రంగా ఎలా అయింది? పెట్టె ముఖం మీద గాలీ నీరూ ఒక వైపు నుంచే దాడి చేస్తాయి. అంచు మీద రెండు వైపుల నుంచి, మూల మీద మూడు వైపుల నుంచి. అందువల్ల మూలలు ముందు అరుగుతాయి, తర్వాత అంచులు. సబ్బు బిళ్ళ అరిగే తీరు చూడండి, సంగతి మీకే తెలుస్తుంది. గుండ్రని బండ మీద పడ్డ నీరు జారిపోతుందే తప్ప దూకదు. దూకాలంటే నిట్టనిలువు అంచు కావాలి.

హాజీపూర్ దాటాక బస్సు ఘాట్ ఎక్కుతుంది. గేరు మార్చిన చప్పుడు వినబడగానే బయటికి చూడండి. గుండ్లు మాయమవుతాయి. రోడ్డు పక్కన కోసిన గట్టులో రాయి వరసలు వరసలుగా, పుస్తకాలు దొంతర పెట్టినట్టు కనిపిస్తుంది. పైకెక్కాక మన్ననూరు. అక్కడి నుంచి అంతా అడవే. నల్లమద్ది, ఏగిస, తునికి, ఇప్ప, వెదురు. ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. బఫర్ ప్రాంతంతో కలిపి 2,600 చదరపు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. శ్రీశైలం రోడ్డు మీద వటవర్లపల్లి దాకా పోయి, పక్కకు తిరిగి సుమారు ఎనిమిది కిలోమీటర్లు లోపలికి వెళితే మల్లెలతీర్థం. అక్కడి నుంచి బండి నడవదు, మనమే నడవాలి. కిందికి దాదాపు 350 మెట్లున్నాయి.

జలపాతమంటే కొండ ఎక్కి చూడాలి కదా, ఇదేమిటి దిగుతున్నాం అనిపిస్తుంది. అక్కడే ఉంది కిటుకు. మనం ఇప్పటికే కొండ మీద ఉన్నాం! అమ్రాబాద్ పీఠభూమి రమారమి రెండు వేల అడుగుల ఎత్తున ఉంది. కృష్ణానది దాని అంచున లోతైన లోయ కోసుకుని పారుతోంది. శ్రీశైలం జలాశయం నిండుగా ఉన్నప్పుడు నీటిమట్టం సముద్రానికి 885 అడుగుల ఎత్తు. ఆనకట్ట దిగువన నది అంతకన్నా కింద ఉంటుంది. అంటే పీఠభూమి మీద పుట్టిన చిన్నవాగు కూడా కొద్ది దూరంలోనే వెయ్యి అడుగులకు పైగా దిగాలన్నమాట. కొత్తకోట వాగులకు ఆ తొందర లేదు. అవి చేల మధ్య వంకరలు తిరుగుతూ తీరిగ్గా పోతాయి.

ఇక మెట్లు దిగుతూ పక్క గోడను చూడండి. వరసల్లో మందంగా, లేత గులాబీ రంగులోనో తెలుపులోనో ఉన్న రాయి క్వార్ట్‌జైట్. ఒకప్పుడిది ఇసుక. ఇసుక మీద ఇసుక పడి, ఆ బరువుకు నొక్కుకుపోయి ఇసుకరాయి అయింది. తర్వాత గింజల సందుల్లో సిలికా నిండి అతుక్కుపోయింది. ఎంతగా అతుక్కుందంటే, మామూలు ఇసుకరాయిని పగలగొడితే గింజల చుట్టూ పగులుతుంది, దీన్ని పగలగొడితే గింజల్లోంచే పగులుతుంది. చాకు మొనతో గీసినా గీత పడదు. చాకే అరుగుతుంది. ఈ పరీక్షను కొత్తకోటలో దొరికే పలుగురాయి మీద చేసి చూడండి. అదీ ఇదీ ఒకే పదార్థం. అభయారణ్యంలో మాత్రం రాయినీ చెట్టునూ తాకకుండా వదిలేయడమే పద్ధతి.

కొన్ని బండల మీద చిన్నచిన్న గీతల్లాంటి ఎత్తుపల్లాలుంటాయి. వాగు ఒడ్డున తడి ఇసుక మీద నీరు గీసిన మడతలు చూశారుగా, అచ్చం అలాగే. ఇవి ఆ మడతలే! తీరప్రాంతపు ఇసుక మీద అల గీసిన గీత రాయిగా మారి, వంద కోట్ల ఏళ్ళకు పైబడి అలాగే ఉండిపోయింది. అప్పటికి భూమి మీద చేప లేదు, చెట్టు లేదు, గడ్డిపోచ కూడా లేదు. పులులు తిరిగే ఈ కొండ ఒకప్పుడు నీటి అడుగున ఉన్నదని చెప్పడానికి ఆ ఒక్క బండ చాలు. కడప, కర్నూలు ప్రాంతాల్లోని ఈ పొరలన్నిటినీ పరిశీలించి విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1872లోనే ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. రోడ్లు లేని రోజుల్లో ఈ అడవుల్లో కాలినడకన ఎంత తిరిగి ఉంటాడో!

క్వార్ట్‌జైట్ పొరల మధ్య అక్కడక్కడ ఇంకో రాయి ఉంటుంది. సన్నని రేకుల్లా, గోటితో లాగితే ఊడివచ్చేలా. దీన్ని షేల్ అంటారు. బురద గట్టిపడితే తయారయ్యే రాయి ఇది. అసలు కథ నడిపేది ఈ బలహీనుడే. పైనుంచి దూకిన నీరు కింద సుడులు తిరిగి, తుంపరతో తడిపి తడిపి షేల్‌ను తొలిచేస్తుంది. పైన గట్టి బండ గూడు కప్పులా ముందుకు పొడుచుకుని మిగులుతుంది. అడుగున ఆధారం లేకపోతే ఎంత గట్టి బండైనా ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఒకనాడు పగుళ్ళ వెంట ముక్కగా విరిగి పడుతుంది. మళ్ళీ నిటారు గోడ తయారు! ఇలా ప్రతిసారీ జలపాతం ఓ అడుగు వెనక్కి జరుగుతుంది. మీరు దిగే లోయంతా జలపాతం వెనక్కి నడిచిన బాటే. అడుగున విరిగిపడ్డ పెద్ద పెద్ద పలకలు ఆ నడకకు సాక్ష్యం. నీరు పడే చోట రాళ్ళు గిరగిర తిరిగి తవ్విన మడుగును మనవాళ్ళు గుండం అంటారు. ఎంత చక్కని మాట!

అమెరికా, కెనడాల సరిహద్దులో ఉన్న నయాగరా కూడా ఇలాగే వెనక్కి నడిచింది. అక్కడ పైన డోలమైట్, కింద షేల్. సుమారు 12,000 ఏళ్ళలో 11 కిలోమీటర్లు జరిగింది. ఏడాదికి ఎంతో మీరే భాగించి చూడండి. మీటరుకు కాస్త తక్కువ వస్తుంది. మన వాగు చిన్నది, రాయి మరీ గట్టిది కాబట్టి ఇక్కడి నడక అంతకన్నా చాలా మెల్లన.

మల్లెలతీర్థానికి రాతి పోలికలో మరింత దగ్గరి చుట్టం దక్షిణ అమెరికాలో, వెనిజులా అడవుల్లో ఉంది. అదే ఏంజెల్ జలపాతం. ఎత్తు 979 మీటర్లు, ప్రపంచంలో దానికన్నా ఎత్తైనది లేదు. అక్కడి కొండలు కూడా మన వాటిలాగే అతి ప్రాచీనమైన ఇసుక గట్టిపడి, బల్లపరుపుగా పరుచుకున్న పొరలే. జిమ్మీ ఏంజెల్ అనే అమెరికన్ విమానచోదకుడు 1933లో దాన్ని ఆకాశం నుంచి చూశాడు. 1937లో ఆ కొండ నెత్తిన విమానం దింపాడు. చక్రాలు బురదలో కూరుకుపోయాయి. అతనూ, భార్యా, ఇంకో ఇద్దరూ కాలినడకన కిందికి చేరడానికి పదకొండు రోజులు పట్టింది. పేరు మాత్రం అతనిది పడింది. ఆ చుట్టుపక్కల ఉండే పెమోన్ తెగవారికి అది తరతరాలుగా తెలిసిందే. వాళ్ళ భాషలో దానికి కెరెపాకుపాయ్ మెరు అని పేరు కూడా ఉంది. నల్లమల జలపాతాలు చెంచులకు తెలిసినట్టే!

గుండం దగ్గరికి చేరాం. మల్లెలతీర్థం ఎత్తు 150 అడుగులంటారు. వాళ్ళన్నారని నమ్మేయడం దేనికి? మీ జామెట్రీ పెట్టెలో 60 డిగ్రీల మూలమట్టం ఉంది కదా. దాని నిటారు అంచుకు దారంతో ఒక గులకరాయి వేలాడదీయండి. దారం అంచు వెంబడి వేలాడితే అడుగు అంచు నేలకు సమాంతరంగా ఉన్నట్టు. 60 డిగ్రీల మూలను కంటి దగ్గర పెట్టుకుని ఏటవాలు అంచు వెంట పైకి చూడండి. జలపాతం పై అంచు సరిగ్గా ఆ చూపులో పడే చోటు వెతికి, అక్కడి నుంచి గోడ మొదలుకు దూరం కొలవండి. ఆ దూరాన్ని 1.73తో హెచ్చించి, మీ కంటి ఎత్తు కలపండి. అదే జలపాతం ఎత్తు. 26 మీటర్ల దూరం వస్తే ఎత్తు సుమారు 45 మీటర్లకు పైన, అంటే ఆ 150 అడుగులు సరైనవే. 45 డిగ్రీల మూలమట్టంతో లెక్క ఇంకా సులువే గాని, ఇరుకైన లోయలో అంత వెనక్కి పోవడానికి చోటుండదు. ఒక హెచ్చరిక. పైకి చూస్తూ వెనక్కి వెనక్కి నడవకండి. ముందుకు తిరిగి నడిచి, ఆగి, అప్పుడు చూడండి. నేను ఒకసారి వెనక్కి నడిచి మూలమట్టంతో సహా నీళ్ళలో కూర్చున్నాను. నాచు పట్టిన క్వార్ట్‌జైట్ అంత నున్నన!

ఇంకో ముచ్చట. అంత ఎత్తు నుంచి పడ్డ నీరు వేడెక్కాలి కదా? పడే శక్తి ఎక్కడికి పోతుంది? ఇంగ్లాండు శాస్త్రవేత్త జేమ్స్ జౌల్‌కు ఇదే సందేహం. 1847లో కొత్తగా పెళ్ళి చేసుకుని ఆల్ప్స్ కొండలకు వెళ్ళినప్పుడు కూడా థర్మామీటరు పట్టుకుని కనిపించాడని అతని మిత్రుడు విలియం థామ్సన్ తర్వాత చెప్పాడు. లెక్క ప్రకారం 427 మీటర్లు పడితే ఒక సెంటీగ్రేడు డిగ్రీ పెరగాలి. మన జలపాతంలో డిగ్రీలో పదో వంతే. ఆ కాస్తా తుంపర ఆవిరై చల్లబరచడంలో కొట్టుకుపోతుంది. గుండం పక్కన మీకు చలివేసేది అందుకే.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. వాన పడ్డప్పుడు నీరు దూకడంలో వింత లేదు. మరి వానలు వెళ్ళిపోయాక?

మన్ననూరు దాటాక ఫరహాబాద్ నుంచి లోపలికి సలేశ్వరం ఉంది. మల్లెలతీర్థం కన్నా కష్టమైన నడక. రాళ్ళు తేలిన దారి, ఒక పక్క గోడ, ఇంకో పక్క లోయ. అక్కడికి ఏడాదిలో కొద్ది రోజులే, చైత్ర పౌర్ణమి జాతరకు పంపిస్తారు. అక్కడి పూజారులు చెంచులే. వెళ్ళేవాళ్ళు "వస్తున్నం లింగమయ్యా" అంటూ దిగుతారు, వచ్చేవాళ్ళు "పోతున్నం లింగమయ్యా" అంటూ ఎక్కుతారు. చైత్రమంటే ఏప్రిల్ ఎండలు. కొత్తకోటలో చెరువులు బీటలు వారే వేళ. అప్పుడు కూడా సలేశ్వరంలో కొండ అంచు నుంచి నీళ్ళు పడుతూనే ఉంటాయి. ఎక్కడివవి?

ఒక లెక్క వేద్దాం. జలపాతం కింద 15 లీటర్ల బకెట్ పెడితే మూడు సెకన్లలో నిండిందనుకోండి. అంటే సెకనుకు 5 లీటర్లు, రోజుకు 4,32,000 లీటర్లు. ఇప్పుడు కొండ మీద ఒక చదరపు కిలోమీటరు అడవిలో ఒకే ఒక్క అంగుళం వాన నేలలోకి ఇంకిందనుకోండి. ఆ నీరెంతో తెలుసా? రెండు కోట్ల యాభైనాలుగు లక్షల లీటర్లు! మన బకెట్ జలపాతం దాదాపు 59 రోజులు నడుస్తుంది. ఒక్క అంగుళానికి రెండు నెలలు!

ఆ నీరు దాగేది పగుళ్ళలో. క్వార్ట్‌జైట్ గింజల మధ్య సందు లేదని చెప్పుకున్నాం కదా, కాని బండలో పగుళ్ళు బోలెడు. పగుళ్ళ వెంట మెల్లగా దిగిన నీటికి షేల్ పొర అడ్డం వస్తుంది. బురదరాయి నీటిని కిందికి పోనివ్వదు. అప్పుడది పొర వెంట పక్కకు నడిచి, లోయగోడ దగ్గర చెమ్మగా, ఊటగా బయటపడుతుంది. ఇంతకుముందు జలపాతాన్ని వెనక్కి నడిపిన షేలే ఎండాకాలం ఊటనూ నడుపుతోందన్నమాట.

అయితే వాన ముందు ఇంకాలి కదా. ఆ పని అడవిది. ఆకులు చినుకు వేగాన్ని ఆపుతాయి. రాలిన ఆకుల మెత్త నీటిని పట్టుకుంటుంది. వేళ్ళు చేసిన సందులు దాన్ని లోపలికి పంపుతాయి. చెట్లు కూడా నీళ్ళు తాగుతాయి, ఆ మాట దాచనక్కరలేదు. కాని అడవి లేని బోడికొండ మీద అదే అంగుళం వాన మూడు గంటల్లో జారిపోతే ఏమవుతుందో లెక్కించండి. సెకనుకు 2,300 లీటర్లకు పైగా! మన బకెట్లు సెకనుకు నూటయాభై పైచిలుకు. మధ్యాహ్నం వరద, మర్నాటికి ఎండు రాయి.

ఈ పొరల కింద ఏముందో కూడా తెలుసుకోవాలి. ఘాట్ ఎక్కేముందు మనం వదిలేసిన గ్రానైటు ఎక్కడికీ పోలేదు, ఇక్కడ క్వార్ట్‌జైట్ కింద పరుచుకుని ఉంది. ఆ రెండు రాళ్ళూ కలిసే చోట, నల్గొండ జిల్లా లంబాపూర్ వైపు, యురేనియం ఖనిజం దొరికింది. నల్లమలలోనూ వెతకాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు 2019లో ఇక్కడి చెంచులూ, ఊళ్ళవాళ్ళూ గట్టిగా వద్దన్నారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. విద్యుత్తుకు యురేనియం అవసరమన్న వాదన తీసిపారేసేది కాదు. కాని నీటిబాటలన్నీ పగుళ్ళ వెంటే సాగే కొండలో సూది గుచ్చేముందు ఆ బాటలెటు పోతున్నాయో తెలియాలి. నాకైతే ఆ భయం సబబుగానే తోచింది.

సెకనుకు 2,300 లీటర్ల లెక్క కాగితం మీదే కాదు, గుండంలో నిలబడ్డప్పుడు కూడా గుర్తుండాలి. లోయలో ఉన్నవాళ్ళకు ఆకాశం తలపాగా గుడ్డంతే కనబడుతుంది. పైన రెండు మైళ్ళ అవతల కురిసే వాన తెలియదు. తేటనీరు ఉన్నట్టుండి బురదరంగు తిరిగినా, ఎండుటాకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, చప్పుడు బరువెక్కినా ఒక్క క్షణం ఆలోచించకండి. చెప్పులు, సంచి, టిఫిను డబ్బా అన్నీ వదిలేసి పక్క గట్టు పైకి ఎక్కండి. వాగు వెంట కిందికి పరిగెత్తితే నీటితో పందెం వేసినట్టే, ఆ పందెం మనం గెలవం. పొడుచుకొచ్చిన బండ కింద నీడగా ఉందని కూర్చోకండి. అదెందుకు పొడుచుకొచ్చిందో మీకిప్పుడు తెలుసు. పెద్దవాళ్ళు లేకుండా, అటవీశాఖ అనుమతించని దారిలో అసలు వెళ్ళకండి. దారి తెలిసిన చెంచు మనిషి ముందు నడిస్తే అంతకన్నా ధీమా లేదు.

ఇక ఎక్కుదాం. మెట్టు అరడుగు అనుకుంటే 350 మెట్లకు 175 అడుగులు, అంటే 53 మీటర్లు. 40 కిలోల బరువున్న మీరు ఎక్కడానికి కావలసిన శక్తి 5 కిలోకేలరీలే. కాని మన కండరాలు తిన్నదాంట్లో ఐదో వంతునే పనికింద మార్చగలవు. మిగతాది చెమట పట్టించే వేడి. కాబట్టి 25 కిలోకేలరీలు కావాలి. కొత్తకోట నుంచి తెచ్చుకున్న వేరుశనగ గింజలు ఒక గుప్పెడు, 25 గ్రాములు నమిలితే 140 దాకా వస్తాయి. ఐదుసార్లు ఎక్కి దిగినా ఇంకా మిగులుతుంది. రాత్రిపూట ఈ అడవి రోడ్డు మూసేస్తారు గనుక ఒక్కసారే ఎక్కి, పొద్దుండగానే మన్ననూరు గేటు దాటండి. మెట్లు లెక్కపెట్టారా? దిగేటప్పుడు ఒక లెక్క, ఎక్కేటప్పుడు ఇంకో లెక్క వస్తే కంగారు పడకండి, నాకూ అలాగే వచ్చింది.